కారు వెనక బల్బు మార్చే ముందు

ఇండికేటర్ ఎప్పటికన్నా గబగబా కొట్టుకుంటోందా? చాలా కార్లలో అది ఆ వైపు బల్బు పోయిందని గుర్తు. ఇంట్లోనే మార్చుకోవచ్చు. ముందు ఇవి చూసుకోండి.

– ఇంజిన్, లైట్లు ఆపి తాళం తీసేయండి. హ్యాండ్ బ్రేక్ వేయండి.

– లైట్లు అప్పటిదాకా వెలిగి ఉంటే కాసేపు ఆగండి. చిన్న బల్బే కదా అని పట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటాయి.

– పాత బల్బు విప్పి షాపుకు పట్టుకెళ్లండి. తిప్పలన్నీ ఇక్కడే. బ్రేక్ లైటు, టెయిల్ లైటు ఒకే బల్బులో ఉంటే అది సాధారణంగా 12 వోల్టుల, 21/5 వాట్ల బల్బు (బ్రేక్‌కు 21, టెయిల్‌కు 5). లోపల రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నటి తీగలు), అడుగున కరెంటు అందే రెండు లోహపు చుక్కలు ఉంటాయి. పక్కనున్న పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. అందుకే హోల్డర్‌లో కూర్చోకపోతే బలవంతం చేయకుండా బల్బును అటుదిటు తిప్పి పెట్టండి. మొదటిసారి నేను బలంగా నొక్కి హోల్డర్‌నే వంచేశాను.

– గాజును శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి.

– వైరు పట్టుకుని లాగొద్దు. రబ్బరు సీలు మళ్లీ సరిగ్గా కూర్చోవాలి, లేదంటే మొదటి వానకే ల్యాంపులోకి నీళ్లు.

– స్క్రూలు బిగించకముందే వెలిగించి చూడండి. ఒక్కరే ఉంటే కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టి బ్రేక్ తొక్కండి, ఎర్ర వెలుగు అద్దంలో కనబడుతుంది.

అప్పటికీ వెలగలేదా? హోల్డర్‌లో పచ్చగా కిలుము పట్టిందేమో, ఫ్యూజు పోయిందేమో చూడండి. ఎల్ఈడీ ల్యాంపయితే చాలావాటిలో విడి బల్బే ఉండదు, మెకానిక్‌కు చూపించండి.