వాగు పొంగితే మందులు ఆగిపోతున్నాయా? గోదాం చోటు ఇలా సరిచూడండి

సమస్య: అన్ని ఊళ్లకూ దగ్గరని నడిమి ఊళ్లో మందుల గోదాం పెట్టారు. ఎండాకాలమంతా బాగానే నడిచింది. జులైలో చప్టాలు మునగ్గానే సరుకు గోదాం దాటలేదు.

కారణం: దూరం చూశారు గానీ దారి ఉంటుందో లేదో చూడలేదు. లెక్క కోసం ఒకే రోడ్డు మీద మూడు ఊళ్లు అనుకుందాం: పై ఊళ్లో 500 మంది, నడిమి ఊళ్లో 100, కింది ఊళ్లో 440. ఊరికీ ఊరికీ మధ్య ఒక చప్టా, వానల్లో సగం రోజులే తెరిచి ఉంటుంది. గోదాం నడిమి ఊళ్లో ఉంటే సగటున మందులు అందేది 100+250+220, అంటే 570 మందికి. పై ఊళ్లో పెడితే 500+50+110, అంటే 660 మందికి (కింది ఊరికి రెండు చప్టాలు దాటాలి కాబట్టి సగంలో సగం, 440లో నాలుగో వంతు 110). దూరం లెక్కలో గెలిచిన ఊరే ఇక్కడ అన్నిటికన్నా వెనకబడింది.

పరిష్కారం: గోదాం నుంచి ఊరిదాకా దారిలో ఉన్న ప్రతి చప్టా తెరిచి ఉండే అవకాశాన్ని గుణించి, దాన్ని ఆ ఊరి జనాభాతో గుణించండి. అన్ని ఊళ్లకూ కలిపి ఎక్కువ వచ్చిన చోటే మంచిది. రోడ్లు వలలా అల్లుకుని ఉంటే చేత్తో తేలదు. ఇరవై చప్టాలకే పది లక్షలకు పైగా పరిస్థితులు వస్తాయి. అప్పుడు కంప్యూటర్‌లో చప్టాలను యాదృచ్ఛికంగా మూస్తూ వేలసార్లు నడిపి సగటు తీయాలి.

సమస్య: రెండో దారి ఉందన్న ధైర్యంతో ఉంటే రెండూ ఒకే రోజు తెగాయి.

కారణం: రెండింటినీ ముంచింది ఒకే గోదావరి. నది ఎక్కువగా ఉంటే వాగు నీళ్లు అందులో కలవలేక వెనక్కి తంతాయి. ఒక్కో చప్టాకు విడిగా అవకాశం కడితే ఈ సంగతి లెక్కలోకి రాదు.

పరిష్కారం: నీటిమట్టం ప్రకారం జాబితా రాయండి. భద్రాచలం దగ్గర మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. ఒక్కో మట్టానికి ఏ చప్టా మునుగుతుందో ఆ రూట్లో తిరిగే ఆటో, ట్రాక్టర్ డ్రైవర్లను అడగండి. వాళ్ల మాటకు మించిన మ్యాప్ లేదు. 2022 జులైలో నీరు 71.3 అడుగులకు చేరింది కాబట్టి 53 దగ్గర జాబితా ఆపేయకండి.

సమస్య: సగటు బాగుంది, చివరి గూడేనికి మాత్రం ఎప్పుడూ అందడం లేదు.

కారణం: 40 మంది ఉన్న గూడెం మొత్తంలో కనిపించదు. కానీ జ్వరం వచ్చిన పిల్లకు ఆ సగటుతో పనిలేదు.

పరిష్కారం: గోదాం మార్చక్కర్లేదు. జూన్ మొదట్లోనే ఆ గూడెం ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్లు, మందులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చప్టా మూసుకునే రోజులకు సరిపడా ఉంచండి.