గేమింగ్ ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఎలా? పేరు చూసే ముందు వాట్లు చూడండి

ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి, ఒకే గేమ్‌ను ఒకే సెట్టింగులతో నడిపించినప్పుడు, ఒకదానిలో ఆట సాఫీగా సాగిపోతూ రెండోదానిలో తడబడితే ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ కార్డును 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ స్థాయిలోనైనా నడుపుకొనే వెసులుబాటును, ఆ కార్డును రూపొందించిన ఎన్విడియా కంపెనీ ల్యాప్‌టాప్ తయారీదారులకు ఇచ్చింది. పెట్టె మీద మాత్రం రెండింటికీ ఒకే పేరు ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి, ఈ వ్యాసంలో వాట్లకు, వేడికి ఎక్కువ చోటిచ్చి, మిగిలిన విషయాలను అవసరమైనంత మేరకే చెబుతున్నాను.

1. ముందుగా ఏ ఆటలు ఆడతారో తేల్చుకోండి

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలకు గ్రాఫిక్స్ కార్డు మీద భారం తక్కువ. వాటికి వేగమైన ప్రాసెసర్, ఎక్కువ రీఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) ఉన్న స్క్రీన్ ముఖ్యం. పెద్ద కథా గేమ్‌ల సంగతి వేరు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ వంటివి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే) సామర్థ్యం లేని గ్రాఫిక్స్ కార్డుల మీద అసలు నడవవు. మీరు ఆడదలచిన నాలుగైదు గేమ్‌ల పేజీలు తెరిచి, కనీస అవసరాలను కాకుండా సిఫారసు చేసిన అవసరాలను రాసిపెట్టుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే, మీకు అక్కరలేని మోడల్‌కు అదనంగా ఖర్చుపెట్టమని ఒత్తిడి చేసే అమ్మకందారుకు జవాబు చెప్పడం సులువవుతుంది.

2. గ్రాఫిక్స్ కార్డు: పేరు, వాట్లు, మెమరీ మూడూ కలిపి చూడండి

ల్యాప్‌టాప్ కార్డుకూ అదే పేరున్న డెస్క్‌టాప్ కార్డుకూ ఉన్న తేడాను మొదట గ్రహించాలి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5090 కార్డు 575 వాట్ల దాకా విద్యుత్తు తీసుకుంటుంది; దానికి 32 జీబీ మెమరీ ఉంటుంది. ల్యాప్‌టాప్ 5090 పరిధి 95 నుంచి 150 వాట్లు, మెమరీ 24 జీబీ. పైగా అందులో ఉన్న చిప్ డెస్క్‌టాప్ 5080లో వాడినదే. అందువల్ల డెస్క్‌టాప్ కార్డుల పరీక్షా ఫలితాలు చూసి ల్యాప్‌టాప్ కొనడం పొరపాటు. సమీక్షల్లో "ల్యాప్‌టాప్ జీపీయూ" (ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్) అని స్పష్టంగా ఉన్న ఫలితాలనే నమ్మండి.

తర్వాత చూడవలసినది టీజీపీ, అంటే ఆ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డుకు గరిష్ఠంగా అందే విద్యుత్తు. ఒకప్పుడు తక్కువ వాట్లతో నడిచే కార్డులకు పేరులోనే "మ్యాక్స్-క్యూ" అని ఉండేది; 2021లో ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి వచ్చినప్పటి నుంచి ఆ తోక పోయింది, వివరం స్పెసిఫికేషన్ల పేజీలోకి వెళ్లింది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ పేజీని చివరిదాకా చదివితే చిన్న అక్షరాల్లో "100 వాట్లు + 15 వాట్లు" వంటి అంకె కనిపిస్తుంది. రెండో అంకె డైనమిక్ బూస్ట్‌ది; ప్రాసెసర్‌కు పని తక్కువగా ఉన్నప్పుడు మిగిలే విద్యుత్తును గ్రాఫిక్స్‌కు మళ్లించే ఏర్పాటు అది. కాబట్టి రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఒకదాని మొత్తాన్ని మరొకదాని మొదటి అంకెతో పోల్చకూడదు. దుకాణంలో ల్యాప్‌టాప్ ఆన్ చేసి ఉంటే, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లండి. "మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్" అన్న వరుసలో అసలు సంఖ్య ఉంటుంది. ఎంతకూ ఈ అంకె చెప్పని మోడల్‌ను నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.

వాట్లు పెరిగిన కొద్దీ పనితీరు అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకోకండి. 50 నుంచి 80 వాట్లకు వెళ్లినప్పుడు కనిపించే లాభం, 110 నుంచి 140కి వెళ్లినప్పుడు కనిపించదు. చాలామందికి సరిపోయేది ఆ కార్డుకు అనుమతించిన గరిష్ఠానికి దగ్గరగా ఉండే మోడల్. ఖచ్చితంగా గరిష్ఠమే ఉండాలన్న పట్టుదల అక్కరలేదు.

మూడోది వీ-ర్యామ్, అంటే గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి ల్యాప్‌టాప్ కార్డుల్లో 5050, 5060, 5070 మూడూ విడుదలైనప్పుడు 8 జీబీతోనే వచ్చాయి. 5070 టీఐకి 12, 5080కి 16 జీబీ ఇచ్చారు. 5070 అన్న పేరుకు 8 జీబీ చాలా తక్కువ అన్నది నా అభిప్రాయం. గేమ్‌కు కావలసిన చిత్ర సమాచారం వీ-ర్యామ్‌లో పట్టకపోతే, మిగిలినది ల్యాప్‌టాప్ మామూలు ర్యామ్‌లోకి పొంగిపోతుంది. అక్కడి నుంచి దాన్ని తెచ్చుకోవడానికి పట్టే సమయమే ఆటలో కుదుపుగా కనబడుతుంది: గోడల మీది బొమ్మలు మసకగా వచ్చి ఒక క్షణం తర్వాత తేటపడతాయి, మలుపు తిరిగిన ప్రతిసారీ దృశ్యం ఆగి కదులుతుంది. టెక్స్‌చర్ (ఉపరితలాల మీది బొమ్మల నాణ్యత) సెట్టింగును ఒక మెట్టు దించితే చాలావరకు సర్దుకుంటుంది గాని, ఈ మెమరీని తర్వాత పెంచుకునే దారి మాత్రం లేదు. ల్యాప్‌టాప్‌ను నాలుగైదేళ్లు వాడాలనుకునేవారు 5060 దగ్గర ఆగి డబ్బు మిగుల్చుకోవడమో, 5070 టీఐ దాకా వెళ్లడమో మంచిది.

3. వేడి ఎటు పోతుందో చూడండి

గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి 150 నుంచి 200 వాట్లు తీసుకుంటున్నప్పుడు, ఆ వేడినంతా రెండు అంగుళాల మందం కూడా లేని పెట్టెలోంచి బయటకు తోయాలి. అది సాధ్యం కాకపోతే చిప్‌లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అందుకే మొదటి ఐదు నిమిషాల ఫలితాలు చూపే సమీక్షల కంటే, అరగంట ఆడిన తర్వాత ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే చిత్రాలు) ఎంత నిలిచాయో, ఫ్యాను శబ్దం ఎన్ని డెసిబెల్స్ ఉందో చెప్పే సమీక్షలు విలువైనవి. పలుచని మోడళ్లు చూడముచ్చటగా ఉంటాయి గాని, అంతే వాట్లున్న లావు మోడల్ కంటే ఎక్కువగా రొద చేస్తాయి.

ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకుని గాలి రంధ్రాలు ఎక్కడున్నాయో గమనించండి. కుడి పక్కన పెద్ద రంధ్రం ఉంటే, ఆడుతున్నంతసేపూ మౌస్ పట్టుకున్న చేతి మీదికి వేడిగాలి కొడుతుంది. వెనక వైపుకు గాలి వదిలే మోడళ్లలో ఈ బాధ తక్కువ. అడుగున ఉన్న రబ్బరు కాళ్లు ఎత్తుగా ఉంటే కింది నుంచి గాలి బాగా ఆడుతుంది. డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటల దగ్గర కీబోర్డు ఎంత వేడెక్కుతుందో కూడా సమీక్షల్లో వెతకండి.

4. ప్రాసెసర్ పేర్ల గందరగోళం

గేమింగ్‌కు సాధారణంగా ఎనిమిది కోర్ల మధ్యస్థాయి ప్రాసెసర్ సరిపోతుంది. ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గి గ్రాఫిక్స్‌లో ఒక మెట్టు ఎక్కడం దాదాపు ఎప్పుడూ లాభమే. అయితే కొత్త సంఖ్య ఉన్నంత మాత్రాన కొత్త చిప్ అనుకోవద్దు. ఏఎమ్‌డీ 7000 శ్రేణిలో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది: రైజెన్ 7 7735హెచ్ఎస్ అంటే పాత జెన్ 3 ప్లస్ తరం, 7840హెచ్ఎస్ అంటే దాని తర్వాతి జెన్ 4 తరం. ఇంటెల్ 2025లో తెచ్చిన కోర్ 7 240హెచ్ కూడా పాత రాప్టర్ లేక్ తరానిదే. పాతది కావడం దోషం కాదు. పాతదానికి కొత్త ధర చెల్లించడమే దోషం. పోటీ ఆటల్లో ఫ్రేములు విపరీతంగా కావాలనుకునేవారికి అదనపు క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉన్న రైజెన్ 9 9955హెచ్ఎక్స్3డీ వంటివి ఉన్నాయి గాని, అవి పెద్ద, బరువైన మోడళ్లలోనే దొరుకుతాయి.

5. స్క్రీన్‌ను గ్రాఫిక్స్ కార్డుకు జోడు కుదర్చండి

ఇప్పుడు ఎక్కువగా కనబడుతున్నది 16 అంగుళాల, 2560×1600 స్క్రీన్. ఇందులో సుమారు 41 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1920×1080లో ఉన్నది దాదాపు 21 లక్షలు. అంటే గ్రాఫిక్స్ కార్డు పని సుమారు రెట్టింపు అవుతుంది. ఆర్‌టీఎక్స్ 5050 స్థాయి కార్డుకు అటువంటి స్క్రీన్ జోడిస్తే బరువైన ఆటల్లో సెట్టింగులు దించక తప్పదు. రీఫ్రెష్ రేటు 144 హెర్ట్జ్ అయితే ఒక్కో ఫ్రేము సుమారు 7 మిల్లీసెకన్లు, 240 అయితే 4 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది. 60 నుంచి 144కి మారినప్పటి తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఆపైన తేడాను పట్టేది పోటీల్లో ఆడేవారి కళ్లే.

చవక మోడళ్లలో అసలు లోపం రంగుల దగ్గర ఉంటుంది. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే, వెలిసిపోయిన రంగులు చూడటానికి సిద్ధపడాలి. 100 శాతం ఎస్ఆర్‌జీబీ, 300 నిట్స్‌కు తగ్గని వెలుతురు అడగండి (ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ రెండూ తెర చూపగల రంగుల పరిధికి కొలమానాలు). ఓలెడ్ తెరలు వేగంగా వ్యాపిస్తున్నాయి. వాటి నలుపు, స్పందన వేగం గొప్పవే. ఆరోగ్య పట్టీ, మ్యాప్ వంటివి ఒకేచోట గంటల తరబడి నిలిచే ఆటలు రోజూ ఆడేవారు మాత్రం మరక పడే అవకాశాన్ని, వారంటీలో దాని ప్రస్తావనను చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డును నేరుగా తెరకు కలిపే మక్స్ స్విచ్ ఉందో లేదో అడగడం మరవద్దు. అది లేకపోతే ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా వెళ్లి కొంత వేగం కోల్పోతుంది.

6. ర్యామ్, ఎస్ఎస్‌డీ, చార్జర్

16 జీబీ ఇప్పుడు కనీసం, 32 నిశ్చింత. ఒకే స్టిక్‌తో వచ్చిన 16 జీబీ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు వేగంగా పనిచేస్తాయి. "ఎల్‌పీడీడీఆర్5ఎక్స్" అని ఉంటే సాధారణంగా ర్యామ్ బోర్డుకు అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఒకప్పుడు తక్కువ ర్యామ్‌తో కొని నెమ్మదిగా పెంచుకోమనే సలహా బాగా పనిచేసేది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎగబాకడంతో, ఆ ఏడాది డిసెంబరులో మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించడంతో, ఆ సలహా ఇప్పుడు అంతగా చెల్లదు. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ ఖాళీ అడుగుతుంది కాబట్టి ఒక టీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో ఎస్ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉండేలా చూసుకోండి.

బ్యాటరీ మీద గేమింగ్ గురించి ఆశలు పెట్టుకోకండి. చార్జర్ తీయగానే గ్రాఫిక్స్ కార్డు వాట్లు బాగా పడిపోతాయి. విమానాల్లో అనుమతి లేకుండా తీసుకెళ్లగల పరిమితి 100 వాట్-అవర్లు కావడం వల్ల పెద్ద మోడళ్ల బ్యాటరీలు కూడా 99 దగ్గర ఆగిపోతాయి.

7. మార్కెట్ మాటలను జల్లెడ పట్టండి

2025 జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, ఆర్‌టీఎక్స్ 5070 కార్డు అంతకుముందు తరపు 4090 స్థాయి పనితీరు ఇస్తుందని ప్రకటించారు. ఆ లెక్క వెనక ఉన్నది డీఎల్ఎస్ఎస్ 4 అనే ఎన్విడియా సాంకేతికత. ఇందులో కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు మరో మూడు ఫ్రేముల దాకా ఏఐ కల్పిస్తుంది; దీన్నే ఫ్రేమ్ జనరేషన్ అంటారు. అసలు 30 ఫ్రేములు వస్తుంటే తెర మీద 120 కనిపించవచ్చు. మీట నొక్కినప్పుడు ఆట స్పందించే తీరు మాత్రం ఆ 30కి తగినట్టే ఉంటుంది. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడు ఈ సాంకేతికత చక్కగా ఉపయోగపడుతుంది, బలహీనమైన కార్డును బలమైనదిగా మాత్రం మార్చదు. కాబట్టి కంపెనీ గ్రాఫుల్లో ఫ్రేమ్ జనరేషన్ ఆపి తీసిన సంఖ్యలను వెతకండి. 50 శ్రేణికే ఉన్న ఈ మూడు ఫ్రేముల సదుపాయాన్ని పక్కన పెడితే, మంచి తగ్గింపులో దొరికే ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి మోడల్ ఇప్పటికీ తెలివైన ఎంపికే.

"ఏఐ పీసీ" స్టిక్కర్‌ను చూసి ఎక్కువ చెల్లించకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే కోపైలట్ ప్లస్ గుర్తింపుకు 40 టాప్స్ (ఏఐ లెక్కల వేగానికి కొలమానం) ఎన్‌పీయూ, అంటే ప్రాసెసర్‌లోని ఏఐ భాగం, కావాలి గాని, ఆటల్లో డీఎల్ఎస్ఎస్ పనిచేసేది గ్రాఫిక్స్ కార్డులోని టెన్సర్ కోర్ల మీదే.

8. కొన్నాక, వాపసు గడువు ముగిసేలోపు

తెరను పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో నింపి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడండి; నలుపు మీద మూలల్లో వెలుతురు కారుతుందేమో చీకటి గదిలో గమనించండి. చార్జర్ పెట్టి, పర్ఫార్మెన్స్ మోడ్‌లో మీ బరువైన గేమ్‌ను అరగంట ఆడండి. అలా ఆడుతున్నప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో గ్రాఫిక్స్ కార్డు వాట్లు కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగా నిలుస్తున్నాయో లేదో పరిశీలించండి. ఆట తేలికైనదైతే వాట్లు తక్కువ కనిపించడం మామూలే. బరువైన ఆటలోనూ చాలా తక్కువగా ఉంటే, మోడ్ సరిగా ఉందో చూసి, అప్పటికీ మారకపోతే వాపసు ఇచ్చేయండి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో కూడా తెలుస్తుంది. అన్నీ సరిగా ఉంటే, ఎక్కువ సమయం చార్జర్‌తోనే వాడేవారు తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో బ్యాటరీ చార్జింగ్ పరిమితిని 80 శాతానికి పెట్టుకోండి.