న్యూస్‌ప్రింట్ ఎగుమతులు పోలుస్తున్నారా? డాలర్ల కంటే ముందు టన్నులు చూడండి

ఎకనామిక్స్ ప్రాజెక్టులో రెండు దేశాల ఎగుమతులు పోల్చమంటే చాలామంది డాలర్ల కాలమ్ ఒక్కటే తెచ్చి, రెండు గీతలు గీసి, ఇది పెరిగింది అది తగ్గింది అని రాసేస్తారు. కాకతీయ యూనివర్సిటీలోనే కాదు, ఎక్కడైనా వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

న్యూస్‌ప్రింట్, అంటే వార్తాపత్రికలు అచ్చు వేసే కాగితం ఎగుమతుల్లో కెనడా, స్వీడన్ తీసుకుందాం. డేటా ఫావోస్టాట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్లది. ఆ సంస్థకు పేపర్‌తో ఏం పని అనుకోకండి, అడవుల లెక్కలు కూడా వాళ్లవే. ఫారెస్ట్రీలోకి వెళ్లి న్యూస్‌ప్రింట్ ఎంచుకుని, ఎగుమతి విలువ, ఎగుమతి పరిమాణం రెండూ టిక్ చేయండి, 1961 నుంచి వస్తాయి. విలువ వేల డాలర్లలో ఉంటుంది. ఆ సంగతి మర్చిపోయి భాగిస్తే టన్ను కాగితం అర డాలరుకో ముప్పావు డాలరుకో వచ్చేస్తుంది!

కస్టమ్స్ కోడ్‌తో వెతికేవాళ్లకు 4801. కాగజ్‌నగర్ మన పక్కనే కదా అని సిర్పూర్ మిల్లు రకం కాగితాన్ని ఇందులో కలపకండి, రాసుకునే, అచ్చు వేసే కాగితం 4802లోకి వెళ్తుంది.

ఇప్పుడు అసలు పని. విలువను 1000తో గుణించి టన్నులతో భాగించండి, ఏ ఏడాదికి ఆ ఏడాది సగటు రేటు వస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రేటు ఎగబాకిన ఏడాది బస్తాలు తగ్గినా చేతికొచ్చే డబ్బు పెరగొచ్చు కదా, ఇక్కడా అంతే: 1995లో న్యూస్‌ప్రింట్ రేటు ఒక్కసారిగా లేచింది, కాబట్టి డాలర్లు మాత్రమే చూస్తే ఆ ఏడాది మిల్లులన్నీ రాత్రింబవళ్లు నడిచినట్టు అనిపిస్తుంది. అందుకే ఇండెక్స్ (ఒక ఏడాదిని 100 అనుకుని మిగతా ఏళ్లను దాంతో పోల్చే లెక్క) కట్టేటప్పుడు 1995ను 100 చేయొద్దు. మూడేళ్ల సగటును బేస్‌గా పెట్టుకుంటే మేలు.

ధరల పెరుగుదలను తీసేయాలా? ఒక్కో దేశం నిజంగా ఎదిగిందా అని చూడాలంటే తీసేయాలి, రెండింటికీ అమెరికా వినియోగదారుల ధరల సూచీ ఒక్కటే వాడండి. కానీ కెనడాతో పోలిస్తే స్వీడన్ ఎంత అన్న నిష్పత్తే కావాలంటే అవసరం లేదు, పైనా కిందా అదే డాలరు కాబట్టి కొట్టుడుపోతుంది. ఈ చిన్న విషయానికి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. టెన్షన్ పడాల్సింది మారకం రేటు దగ్గర: 1992 నవంబరులో స్వీడన్ తన కరెన్సీ క్రోనా రేటును మార్కెట్‌కు వదిలేస్తే విలువ బాగా పడిపోయింది, ఆ తర్వాత అన్నే క్రోనాలు సంపాదించినా డాలర్లలో తక్కువే కనిపిస్తుంది. టన్నుల గీత పక్కన ఉంటేనే ఇది పట్టుకోగలరు.

కెనడా సరుకులో పెద్ద భాగం అమెరికాకే పోతుంది. 2018 జనవరిలో అమెరికా ఆ కాగితం మీద సుంకాలు వేసింది, ఆగస్టులో వాళ్ల ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ వాటిని కొట్టేసింది. గ్రాఫ్‌లో 2018 దగ్గర ఒక ఫుట్‌నోట్ పెట్టండి.

స్వీడన్ బదులు రష్యా తీసుకుంటే లెక్క 1992 నుంచే మొదలవుతుంది, అంతకుముందున్నది సోవియట్ యూనియన్, రెండు గీతల్నీ అతికించొద్దు. అలాగే క్రాస్ చెక్ కోసం మన దేశ దిగుమతి అంకెలు తెస్తే వాటిలో ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిసి ఉంటాయి, ఎగుమతి అంకెల్లో ఉండవు, కాబట్టి కొంత తేడా రావడం మామూలే. ఫైల్ చివర్లో ఫ్లాగ్ కాలమ్ ఉంటుంది, ఇంగ్లిష్ ‘E’ అక్షరం ఉన్న అంకె అంచనా మాత్రమే, అలాంటి ఏళ్లను చుక్కల గీతతో చూపించండి.