లండన్‌లో శనాదివారాలు: ఒక బస్సు, ఒక కాలువ

ఈస్ట్ హామ్‌లో ముగ్గురితో కలిసి ఒక ఇంట్లో ఉంటున్నా. నెలాఖరు శనివారానికి నా దగ్గర ఇరవై పౌండ్లు మిగిలితే గొప్ప. వచ్చిన కొత్తలో ఒకసారి టికెట్ కొని ఎత్తైనదేదో ఎక్కాను. వారం కూరగాయల డబ్బు అరగంటలో అయిపోయింది, పైనుంచి కనబడిందల్లా మబ్బు. ఆ తర్వాత లిస్టు పెట్టుకుని తిరగడం మానేశా. ఇప్పుడు ఒక వారానికి ఒక కాలువో, ఏటి గట్టో పట్టుకుంటా. బస్సులో ఒక చివరికి వెళ్లి, రెండో చివర వైపు నడుస్తా.

ముందు బస్సు సంగతి. ట్యూబ్ (భూగర్భ రైలు) కన్నా చవక, పైగా డబుల్ డెక్కర్ పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఊరంతా కనబడుతుంది. బస్సులో నగదు తీసుకోరు. ఎక్కేటప్పుడు కార్డో ఫోనో పసుపు రీడర్‌కి తాకించాలి, దిగేటప్పుడు అక్కర్లేదు. నేనిది రాసేనాటికి టికెట్ 1.75 పౌండ్లు. మొదట తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు కట్ కాదు, దీన్ని హాపర్ అంటారు. మెలికల్లా ఒక్కటే: పొద్దున కార్డు వాడితే రాత్రిదాకా కార్డే వాడాలి. ఫోన్‌లో ఉన్నది అదే కార్డయినా మెషీన్ లెక్కలో అది వేరే మనిషిది. వెళ్లేటప్పుడు కార్డు, బస్సు మారేటప్పుడు ఫోను తాకించి రెండు టికెట్లు కట్టిన తెలివి నాది.

శనివారం ఈస్ట్ హామ్‌లో 115 నంబరు బస్సెక్కి లైమ్‌హౌస్‌లో దిగండి. రీజెంట్స్ కెనాల్ థేమ్స్‌లో కలిసేది అక్కడే. 1820లో పూర్తయిన కాలువ, పొడవు దాదాపు 14 కిలోమీటర్లు, మొత్తం 12 లాకులు. అవును, గోదావరి కాలువల మీద ఉండే లాకుల్లాంటివే, నీటిమట్టం మారేచోట పడవని ఎక్కించి దించే తలుపుల తొట్లు. ఒకప్పుడు గుర్రాలు తాడుతో పడవల్ని లాగుతూ నడిచిన గట్టే ఇప్పుడు మన దారి. ఇస్లింగ్టన్ సొరంగం దాకా ఆరేడు కిలోమీటర్లుంటుంది, మధ్యలో 8 లాకులు. ఫోన్‌లో మ్యాప్ తెరవక్కర్లేదు, లాకులు లెక్కపెట్టుకుంటే ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

పడవ వస్తుంటే మాత్రం ఆగండి. ఇది టికెట్ లేని సినిమా. పడవ లాకులోకి దూరుతుంది, వెనక తలుపులు మూసుకుంటాయి. పడవలోంచి ఒకావిడ ఇనప హ్యాండిల్ పట్టుకుని గట్టెక్కి, పళ్లచక్రానికి తగిలించి గిరగిరా తిప్పుతుంది. తలుపు కింది తూము తెరుచుకుని నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికొస్తాయి. గోడల మధ్య ఎక్కడో అడుగున ఉన్న పడవ మెల్లగా మన కాళ్ల ఎత్తుకి లేస్తుంది. తలుపుకి చివర తెల్ల రంగు వేసిన పొడవాటి దూలం ఉంటుంది, దానికి వీపు ఆనించి నెట్టాలి. నేనూ ఒకసారి చెయ్యేశాను. రెండువైపులా నీళ్లు సమానం కానంతవరకూ ఎంత నెట్టినా కదల్లేదు, సమానమైన క్షణంలో ఒక్క వీపుకే కదిలిపోయింది.

సగం దారిలో కాలువ పక్కనే విక్టోరియా పార్క్. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర అక్కడి బెంచీ మీదే. నీళ్లు కొనకండి, ఇంట్లో కుళాయి నీళ్లు సీసాలో పట్టుకోండి. గట్టు ఇరుకు, వెనక సైకిల్ బెల్ మోగితే పక్కకి తప్పుకోండి. చీకటి పడేలోపు రోడ్డెక్కేయండి.

సొరంగం దగ్గర గట్టు ఆగిపోతుంది. లోపల నడవడానికి చోటు లేదు కాబట్టి గుర్రాన్ని పైనుంచి తోలుకెళ్లేవాళ్లట. పడవవాళ్లు వెల్లకిలా పడుకుని గోడలకి కాళ్లు తన్నిపెట్టి దాదాపు 880 మీటర్లు చీకట్లో 'నడిచేవాళ్లు'. మనం మెట్లెక్కి, పక్కనే ఉన్న ఏంజెల్ అనే పేటలో ఇంటికి బస్సు పట్టుకోవడమే.

ఆదివారం బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. జనమంతా మమ్మీల వైపు పోతారు, మీరు 33ఏ గదికి పోండి. అమరావతి శిల్పాలు ఆ గదిలోనే ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకి పంపినవి, అక్కణ్నుంచి ఓడల్లో ఇక్కడికొచ్చాయి. సున్నపురాతి పలక మీద బుద్ధుడి పాదాలు, అరికాలి మధ్యలో చక్రం. పాదాలే, పైన మనిషి లేడు. తొలినాళ్ల శిల్పులు ఆయన్ని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు: పాదాలో, ఖాళీ ఆసనమో, చెట్టో. అక్కడ కూర్చుని ఎంతసేపున్నా ఎవరూ లెమ్మనరు, సాయంత్రం 5కి మూసేదాకా.

ఆదివారం లోపలికి వెళ్లే క్యూ పొడుగ్గా ఉంటుంది, 10కి తెరవగానే వెళ్లండి. గదులు ఒక్కోసారి మూసేస్తుంటారు, గుమ్మం దగ్గరే 33ఏ తెరిచుందా అని అడగండి. వాన పడేలా ఉంటే మ్యూజియం శనివారానికి మార్చుకోండి. కాలువ ఎక్కడికీ పోదు.