ఉద్యోగంలోంచి తీసేశారని మెడికల్ స్కూల్‌కి చెప్పాలా?

అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తున్నారా, గతంలో ఎక్కడో ఉద్యోగంలోంచి తీసేశారా? కంగారు పడకండి. ఏఎంసీఏఎస్‌లో (అక్కడి చాలా మెడికల్ స్కూళ్లకి కలిపి పెట్టే ఆన్‌లైన్ అప్లికేషన్) ‘ఇన్‌స్టిట్యూషనల్ యాక్షన్’ ప్రశ్న కాలేజీ మీమీద తీసుకున్న చర్యల గురించి. బయట ఉద్యోగం పోవడం దాని కిందకి రాదు. (క్యాంపస్ ఉద్యోగమైతే కాలేజీ విడిగా చర్య తీసుకుందేమో కనుక్కోండి.)

అదే అప్లికేషన్‌లో ఉద్యోగాలు, ఇతర అనుభవాలు రాసే యాక్టివిటీస్ భాగంలో వేసుకోగలిగేవి 15 ఎంట్రీలే, ఆ ఉద్యోగం వేసి తీరాలనేం లేదు. వేస్తే మాత్రం తేదీలు సాగదీయొద్దు, కాంటాక్ట్‌గా ఇచ్చినవాళ్లకి ఫోన్ వెళ్లొచ్చు.

సెకండరీలో (ఆ తర్వాత ఒక్కో స్కూల్ విడిగా పంపే అప్లికేషన్) ‘ఎప్పుడైనా ఉద్యోగంలోంచి తొలగించారా’ అని సూటిగా అడిగితే దాచొద్దు. ‘షిఫ్ట్‌కి పదేపదే లేటయ్యాను, తీసేశారు. తర్వాతి ఉద్యోగంలో ఏడాదంతా టైంకే వెళ్లాను.’ ఇలా రెండు ముక్కల్లో తేల్చేయండి. పాత మేనేజర్‌ని తిట్టే పని మాత్రం పెట్టుకోకండి.