వీడియో వైరల్ అయిన మనిషి పక్కన నిలబడేవాళ్లు చేయాల్సిన పనులు

మత్తు మానే ప్రయత్నంలో ఉన్న, ఇల్లు లేని మనిషి వీడియో ఒకటి జనంలోకి వెళ్లిందంటే, ఫోన్లు మోగడం మొదలైన గంట నుంచే ఆయన పక్కన ఒకరుండాలి. చుట్టం కావచ్చు, కౌన్సెలర్ కావచ్చు, షెల్టర్‌లో పనిచేసేవాళ్లు కావచ్చు. ఇది ఆ ఒక్కరి కోసం.

2011 జనవరిలో అమెరికాలోని కొలంబస్‌లో, అట్టముక్క పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ, ఇల్లు లేని టెడ్ విలియమ్స్ అనే మనిషి చక్కటి గొంతు ఒక వీడియోతో దేశమంతా వినబడింది. రోజుల్లోనే టీవీ స్టూడియోలు, వాయిస్ ఓవర్ పనులు, ఉద్యోగమిస్తామన్న కబుర్లు వచ్చిపడ్డాయి. ఆ నెల దాటకుండానే ఆయన రిహాబ్‌లో, అంటే మత్తు మాన్పించే చికిత్సా కేంద్రంలో చేరడం, చికిత్స పూర్తికాకముందే బయటికి రావడం రెండూ జరిగిపోయాయి. ఇందులో ఆయన్ను తప్పుపట్టాల్సింది లేదు. మానేసిన తొలి నెలల్లో మనిషిని నిలబెట్టేది దినచర్య. పేరు వచ్చిందంటే మొదట చెదిరేది అదే. కాబట్టి మీ పనల్లా ఆ వేగాన్ని తగ్గించడమే.

మొదటి 72 గంటలు

ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి, అందరికీ ఒకటే జవాబు పంపండి: "మీరు అనుకుంటున్నది ఈమెయిల్‌లో రాసి పంపండి, వారంలో చెబుతాం." నిజంగా పని ఇచ్చేవాళ్లు వారం ఆగుతారు. ఇవాళే తేల్చమనేవాళ్లను వదిలేయండి.

ఇంటర్వ్యూకన్నా ముందు డాక్టర్. రోజూ తాగే మనిషిని "టీవీలో కనిపించాలి, ఈపూటతో మానేయ్" అనకండి. ఉన్నట్టుండి ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, నాలుగో రోజులోపు, మతి తప్పి మాట్లాడే స్థితి వస్తే ప్రాణం మీదికే రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

హెరాయిన్ లాంటివి మానడానికి డాక్టర్లు ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మందులు వాడుతున్నవాళ్లు కెమెరా కోసం వాటిని ఆపకూడదు. ప్రయాణం ఉంటే దారికి సరిపడా మోతాదు ముందే అడగండి, డాక్టర్ చీటీ వెంట ఉంచండి. దేశం దాటేటప్పుడు ఆ మందులు తీసుకెళ్లడానికి ఉన్న నియమాలు టికెట్ కొనకముందే కనుక్కోండి.

హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. ఒకప్పుడు మామూలుగా తీసుకున్నదే ఊపిరి ఆపేయగలదు. అందుకే ఆ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ అనే ముక్కు స్ప్రే మీ జేబులో ఉండాలి. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, కాబట్టి మనిషి కళ్లు తెరిచినా సరే అంబులెన్స్‌ను పిలవాల్సిందే.

డబ్బు

అన్నిటికన్నా ఎక్కువ పట్టు పట్టాల్సింది ఇక్కడే. వీధిలో బతికినవాళ్ల దగ్గర గుర్తింపు కాగితాలు చాలాసార్లు ఉండవు. అవి లేకపోతే బ్యాంకు ఖాతా రాదు, విమానం ఎక్కలేరు, దాంతో చెక్కు ఇంకెవరి పేరు మీదో పడుతుంది. గొడవలు అక్కడే పుడతాయి. జనన ధ్రువీకరణ పత్రం నకలుకు మొదటి రోజే దరఖాస్తు పెట్టండి.

ముక్కూమొహం తెలియనివాళ్లు ఆయన పేరుతో విరాళాలు సేకరిస్తుంటే, డబ్బు తీసుకునే హక్కు ఎవరికి ఉందో రాతపూర్వకంగా అడగండి. పెద్ద మొత్తాలు ఇద్దరి సంతకం ఉంటేనే కదిలే ఖాతాలో ఉండాలి. ఆ రెండో సంతకం మీది కాకపోతే మంచిది, ఆయనకు నమ్మకమున్న మూడో మనిషిదైతే మేలు. ఇదంతా ఆయన ఒప్పుకుంటేనే. బలవంతంగా చేస్తే మిమ్మల్నే దూరం పెడతారు. చేతికి వారానికోసారి, ఖర్చుకు సరిపడా మాత్రమే అందాలి. పన్ను లెక్క తేలేదాకా మూడో వంతు ముట్టుకోవద్దు. ప్రభుత్వ సాయం అందుతుంటే, ఈ రాబడితో అది ఆగుతుందేమో ముందే విచారించండి.

పాత స్నేహితులు అప్పు అడుగుతారు. "డబ్బు నా చేతిలో లేదు, వేరేవాళ్లు చూసుకుంటున్నారు" అనే మాటను ఆయన చేత పైకి నాలుగుసార్లు అనిపించండి. అలవాటైన మాటయితే అవసరానికి నోటికొస్తుంది.

అగ్రిమెంట్, షూటింగ్

లాయరును నిర్మాతలు కాకుండా మీరే పెట్టుకోవాలి. ఆయన గొంతు, మొహం ఎన్నేళ్లు వాడుకుంటారు, కృత్రిమ గొంతు తయారుచేసే హక్కు అడుగుతున్నారా, చికిత్సకు వెళ్లాల్సి వస్తే జరిమానా లేకుండా పని ఆపొచ్చా అన్నవి చూడాలి. చివరిది లేకపోతే సంతకం పెట్టించకండి. రిహాబ్ లోపల కెమెరా వద్దు. ఏళ్లుగా మాటల్లేని తల్లినో పిల్లలనో హఠాత్తుగా వేదిక మీదికి తెచ్చే ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. ఆ కలయిక ముందు ఇంట్లో జరగాలి.

హోటల్‌కు ముందే ఫోన్ చేసి గదిలోని మద్యం సీసాలు తీయించండి. మీ గది పక్కనే ఉండాలి. షూటింగ్ ముగిసిన రాత్రి మరీ జాగ్రత్త: చప్పట్లు ఆగిపోయి ఒంటరిగా గదిలో కూర్చునే వేళ అది. ఆ రాత్రికి భోజనం, మత్తు మానేవాళ్లంతా కలుసుకునే మీటింగ్ లేదా స్పాన్సర్‌తో (ముందే మానేసి, ఇప్పుడు ఆయనకు తోడు నిలిచే మనిషితో) ఫోన్ మాట ముందే రాసిపెట్టుకోండి.

ఇల్లు

హోటల్ ఇల్లు కాదు. వచ్చిన మొదటి డబ్బుతో ఆరు నెలల అద్దె ముందే కట్టి, తాళంచెవి ఆయన చేతికే ఇవ్వండి. మంచం ఉన్నా కొందరు వారాల తరబడి నేల మీదే, తలుపు దగ్గర, బూట్లు విప్పకుండా పడుకుంటారు. మార్చాలని తొందరపడొద్దు.

మళ్లీ తాగితే, ఫోన్లు ఆగితే

మళ్లీ జారడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, పనుల వాళ్లకు ఏం చెప్పాలి అన్నది బాగున్న రోజునే ఆయనే రాసి సంతకం పెట్టాలి. బయటికి "ఆరోగ్యం బాగాలేదు" అన్నది చాలు.

కొన్ని వారాలకు ఫోన్లు ఆగిపోతాయి. అప్పటికి వారంలో కొన్ని గంటలైనా, పేరుతో సంబంధం లేని మామూలు పని ఒకటి చేతిలో ఉండేలా మొదటి నెలలోనే వెతకండి. మీటింగ్ వేళకు అడ్డొచ్చే పనైతే, జీతం ఎంతైనా ఒప్పుకోకండి.