లాగిన ఫైల్ కాపీ అవ్వాలా, మూవ్ అవ్వాలా: మౌస్‌తోనే తేల్చుకోవచ్చు

విండోస్‌లో ఫైల్‌ని మౌస్‌తో లాగి వదిలితే ఒకసారి కాపీ అవుతుంది, ఇంకోసారి ఉన్న చోటు నుంచే వెళ్లిపోతుంది. కారణం డ్రైవ్, అంటే C, D, పెన్‌డ్రైవ్ లాంటి నిల్వ చోటు: ఒకే డ్రైవ్‌లో లాగితే మూవ్, వేరే డ్రైవ్‌కి లాగితే కాపీ. నాకు పనికొచ్చిన మందు కంట్రోల్ కీ. అది నొక్కిపట్టి లాగితే ఎక్కడికైనా కాపీయే. షిఫ్ట్ పట్టుకుంటే మూవ్. ముందు మౌస్ బటన్ వదలాలి, తర్వాతే కీ. తారుమారైతే పాత పద్ధతే పనిచేస్తుంది.

ముఖ్యమైన ఫైళ్లకు మాత్రం కుడి బటన్‌తో లాగడమే మేలు. వదలగానే కాపీనా, మూవా, షార్ట్‌కట్టా అని మెనూ అడుగుతుంది. మధ్యలో మనసు మారితే ఎస్కేప్ కీ నొక్కండి. వదిలేశాక పొరపాటు కనిపిస్తే వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి.

బ్రౌజర్‌లోనైతే లింక్ మీద మౌస్ చక్రాన్ని నొక్కితే కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. ట్యాబ్ మీదే చక్రాన్ని నొక్కితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది.